ఊరి దైవము కడలి దాటునా?

దక్షిణాఫ్రికాలో డర్బను నగరమునకు ఉత్తరమున వ్యాపించిన ఇలెంబే జిల్లాలో, తీరమున చెరకు తోటలును, లోపలి కొండలయందు జులూ భాష మాటలాడు పల్లెలును మెండుగా గలవు. మద్రాసునుండి వెడలిన ట్రూరో నౌక 1860 నవంబరులో డర్బను చేరినది మొదలు 1911 వరకు అచటి నేటాలు ప్రాంతపు చెరకు తోటలకు పోయిన కూలీలలో ఉత్తరార్కాటు సీమ తెలుగువారును గలరు. వలస నిలిచిన ఆ 1911లోనే ఆ సీమలో కొంతభాగము చిత్తూరు జిల్లాలో చేరినది.

వేంకటేశ్వరునకు ఏడుకొండలను, గంగమ్మకు ఊరి పొలిమేరను నిర్ణయించిన మన క్షేత్రధర్మము, నేల విడిచిన భక్తునికి దైవమును నిరాకరించునా? జులూలకును పితృదేవతలు ఇంటిని, పశువుల దొడ్డిని ఆశ్రయించినవారే. అయినను దూరదేశమున మరణించినవాని ఆత్మను ఒక ముండ్లచెట్టు కొమ్మపై ఇంటికి తోడ్కొని వచ్చుట వారి ఆచారము. మనము కలశమున దేవతను ఆవాహన చేయుటయు ఇట్టిదే.

అంతర్యామియై సర్వత్ర వెలయువాడే భక్తసౌలభ్యమునకై అర్చారూపమున ఒకచోట నిలుచునని వైష్ణవాగమములు చెప్పుచున్నవి. కావున స్థలము దైవమునకు బంధనము గాదు, మనకు ఆలంబనము. పరుల నేలపై మన దైవమును నిలుపుకొనువారము, ఆ నేలను ముందే ఆశ్రయించియున్న వారి పితరులను గౌరవించుట ధర్మము.