ఎవరి కొలతకి కుట్టాలి?

మా ఆడపడుచు కథలు రాస్తుంది. పత్రికకి పంపి, పోస్టుమాన్ కోసం గుమ్మంలో కాచుకునే రోజులు కావు కదా! రాసింది రాసినట్టు తనే ఫోనులో పెట్టేసుకుంటుంది. వద్దనే సంపాదకుడు లేడు. ఎంతమంది చదివారో మాత్రం కథ కిందే కనిపిస్తూ ఉంటుంది.

ఈమధ్య ఒక డిటెక్టివ్ సీరియల్ మొదలెట్టింది. అందులో నేరం కనిపెట్టేది జాకెట్లు కుట్టే ఒక నడివయసావిడ. తన కొలతల పుస్తకం తిరగేసి దొంగ గుట్టు లాగుతుంది. పది భాగాలయ్యేసరికి చదివినవాళ్లు నలభైమంది.

"లాభంలేదు వదినా! కోటీశ్వరుడూ, ఒప్పందం పెళ్లీ అని రాస్తే వేలమంది చదువుతున్నారు. నేనూ అదే రాసేయనా?" అంది మొన్న కాఫీ తాగుతూ.

రాస్తే తప్పేమిటి? ఒరవడి దిద్దకుండా ఎవరికి అక్షరాలొచ్చాయి గనక! 1960లలో యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' వచ్చాక, కారూ ఠీవీ ఉన్న నాయకుడు లేకపోతే అదీ ఒక నవలేనా అన్నట్టయింది. మగ రచయితలు సైతం ఆడపేర్లు పెట్టుకున్నారు. 1980లలో యండమూరి 'తులసిదళం' ధర్మమా అని చేతబడుల వంతు వచ్చింది. 2010లో అమీష్ త్రిపాఠీ, ప్రచురణకర్తలు కాదన్న శివుడి కథని సొంతంగా వేసుకుని నెగ్గాడు. ఇంకేముంది, ఇంగ్లీషు పుస్తకాల షాపుల్లో ఎటు చూసినా పురాణ పురుషులే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ ముందు నడిచినవాళ్లు మాత్రం ఆకాశంనుంచి ఊడిపడ్డారా? డబ్బున్న అహంకారినీ, ఆత్మాభిమానం గల అమ్మాయినీ జేన్ ఆస్టిన్ 1813లోనే జంట కలిపింది. పులిహోర ఎవరు కనిపెట్టారని అడిగి తింటామా? చేసిన చెయ్యి తెలిస్తే చాలు. అంచేత పాత కథ ఎత్తుకోవడం పాపం కాదు. తను ఎరగనిదీ, తనకే నమ్మకం లేనిదీ, పక్కవాళ్లకి గిట్టుబాటైంది కదా అని రాయడంలోనే ఉంది తిరకాసంతా. ఆ కుట్టుమిషను మనిషిని మా ఆడపడుచు ఎరుగును. కోటీశ్వరుణ్ణి ఎరగదు.

"ఒప్పందం పెళ్లే రాయి. కాకపోతే ఆ పెళ్లికూతురికి జాకెట్టు కుట్టే మనిషి కళ్లతో రాయి" అన్నాను పెద్దరికంగా.

"బాగానే ఉంది గానీ, నా కథ ఎందాకా చదివావు వదినా?"

నా నోట మాట లేదు. మూడో భాగంలో ఆపేశాను. అరవై భాగాల ఒప్పందం పెళ్లి కథ మాత్రం, వంటిల్లు సర్దుకుని, రాత్రి ఒంటిగంటదాకా మేలుకుని మరీ పూర్తిచేశాను. వేలమంది అంటే ఎవరో అనుకున్నాను. నేనే!

"అన్నీ ఒకే మూసలో కథలు" అని విసుక్కునేదీ మనమే, చదివి ఆ లెక్క పెంచేదీ మనమే. రాసేవాళ్లకి నిజాయితీ ఉండాలంటామే, చదివేవాళ్లకి అక్కర్లేదూ? కొలతలిచ్చింది మనమైనప్పుడు, జాకెట్టు బిగుతైందని కుట్టినవాళ్లని ఆడిపోసుకుంటే ఏం న్యాయం?

ఆ రాత్రి నాలుగో భాగం తెరిచాను. ఏడో భాగంలో, కొలతల పుస్తకంలోంచి ఎవరో ఒక పేజీ చింపేశారు. ఎవరు చింపారో తెలిసేదాకా నాకు నిద్రపట్టలేదు.