వాసన చూసిన పువ్వు

మొన్నటి వీడియోలో ఇత్తడి చెంబులో ఒకే ఒక్క గులాబీ పెట్టి చూపించాం కదా, తెల్లటి రేకులకి అంచుల్లో కుంకుమ అద్దినట్టు ఉంటుంది, అది క్రోసూరులో మా ఇంటి వెనక పూసిన పువ్వే. ఎలా పెంచాలో, ఎలా అమర్చాలో వీడియోలో చెప్పాను. ఒక్క విషయం మాత్రం దాచాను. ఆ పువ్వుని స్వామికి పెట్టే ముందు నేను వాసన చూశాను. పొరపాటున కాదు, తెలిసే చూశాను.

ఇందులో ఏముంది అనిపించొచ్చు మీకు. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు. మా నాయనమ్మకి పూలు కొయ్యడంలో గట్టి పట్టింపులు. స్నానం చేశాకే కొయ్యాలి. కింద రాలినవి ఏరకూడదు, పారిజాతాలకి మాత్రం మినహాయింపు. కోసిన పువ్వుని ముక్కు దగ్గరికి అస్సలు తీసుకోకూడదు. చిన్నప్పుడు ఒకసారి పూలసజ్జలోంచి మల్లెమొగ్గ తీసి వాసన చూశానని సజ్జలో పూలన్నీ పక్కన పోసేసి మళ్ళీ కోసుకొచ్చింది. "ఎంగిలి పువ్వు దేవుడికి పెడతామంట్రా?" అని ఒక్క మాట అంది, అంతే. నోటితో తింటేనే ఎంగిలి అనుకునేవాణ్ణి, ముక్కుతో కూడా ఎంగిలి అవుతుందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు ఆ మొక్క సంగతి. 2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే లాప్‌టాప్ సర్దుకుని హైదరాబాద్ నుంచి ఊరొచ్చేశాను. కడియం నుంచి మొక్కలేసుకొచ్చిన వ్యాన్ వీధిలో ఆగితే ఒక అంటుమొక్క కొన్నాను. పేరు 'డబుల్ డిలైట్'. 1977లో అమెరికాలో విడుదలైన రకం. హైబ్రిడ్ టీ జాతి అంటే పొడుగాటి కాడ, కాడకి ఒక్క పువ్వు, కోసుగా లేచే మొగ్గ. మన నాటు గులాబీలాగా దండలో గుచ్చడానికి పనికిరాదు, ఒంటరిగా నిలబడితేనే అందం. మా వైపు పత్తి, మిరప పండే నల్లరేగడి నేల, వానొస్తే నీళ్ళు ఇంకవు. వేళ్ళు కుళ్ళిపోతాయని పెద్ద కుండీలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టాను. అంటు కట్టిన ముడి కింద నుంచి పిలకలొస్తే పీకెయ్యాలి, లేకపోతే అడుగున ఉన్న అడివి గులాబీ పైకొచ్చి మనం కొన్న గులాబీని మింగేస్తుంది. ఇవన్నీ చేసి చెడగొట్టి నేర్చుకున్నవే.

దీని రంగులో ఒక తమాషా ఉంది. మొగ్గ విచ్చేప్పుడు పువ్వు మీగడ రంగులో ఉంటుంది. ఎండ తగిలిన రేకుకే ఎరుపొస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకి రేకులో ఎర్ర రంగు పదార్థం తయారవుతుంది. నాకు ఇది తెలియక, తామర పురుగు రేకుల అంచులు మాడ్చేస్తోందని (2021లో మా వైపు మిరప తోటల్ని నాశనం చేసింది కూడా తామర పురుగులే, నల్లవి) తొందరపడి ఒక మొగ్గని ముందే కోసి పూజగదిలో చెంబులో పెట్టాను. పాపం తెల్లగానే విచ్చుకుని తెల్లగానే వాడిపోయింది. ఇంజనీర్ బుర్ర కదా, నీళ్ళలో ఏదో లోపం ఉందనుకుని రెండు రోజులు నీళ్ళు మార్చుకుంటూ కూర్చున్నాను.

అంటే ఈ పువ్వుకి రంగు రావాలంటే రెండు మూడు రోజులు మొక్క మీదే ఎండలో వదిలెయ్యాలి. ఆ రెండు మూడు రోజులు పురుగుందా లేదా అని పొద్దునా సాయంత్రం వంగి చూస్తూనే ఉండాలి. దీనికి వాసన మామూలుగా ఉండదు. తోటమాలి ముక్కు మూసుకుని పెంచగలిగే పువ్వు కాదిది. మరి నాయనమ్మ లెక్కలో నేను పెంచే ప్రతి పువ్వూ ఎంగిలేనా?

మొదట్లో నేను లాయర్‌లాగా ఆలోచించాను. గాలిలో వచ్చే వాసన వేరు, కావాలని ముక్కుకి దగ్గరగా తెచ్చుకోవడం వేరు. మొదటిది తప్పు కాదు, రెండోది తప్పు. బాగానే ఉందనిపించింది, ఒక శుక్రవారం వరకు.

ఆ శుక్రవారం పువ్వు అద్భుతంగా వచ్చింది. వాసన చూడకుండా, ఊపిరి బిగబట్టి మరీ కోశాను. కాడని ఏటవాలుగా కత్తిరించి, చింతపండుతో తోమిన చెంబులో నిలబెట్టి, పక్కన రెండు మరువం రెమ్మలు. దీపం వెలిగించింది అమ్మ. వెలుగు సరిపోలేదని చెంబుని కిటికీ దగ్గరికి జరిపాను, వెనక పట్టుపంచె ఆరేశాను, స్వామి పటాన్ని కొంచెం పక్కకి తిప్పాను, ఫ్రేమ్‌లో ఇమడట్లేదని. నలభై ఫొటోలు తీశాను. స్టేటస్ పెట్టాను. ఎవరు చూశారో చూసుకుంటూ కూర్చున్నాను. అమ్మ హారతి పళ్ళెంతో వచ్చేసరికి దీపం కొండెక్కి ఉంది. పువ్వు ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

ఆ పువ్వుని ఎంగిలి అని ఇంట్లో ఎవరూ అనలేదు. ముక్కు తగల్లేదు కదా. నాకు మాత్రం ఆ రోజు పూజలో చెయ్యి ముందుకు వెళ్ళలేదు. స్వామి చూడకముందే నూట ఇరవై మంది చూశారు. అందులోనూ, నేను వాళ్ళకి పెట్టాలనే కోశాను.

అలంకారం తప్పని నేను అనట్లేదు. మన గుళ్ళో పుష్పాలంకరణ ఎంత గొప్ప సేవో మీకు తెలుసు. తిరుమల కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదే అని అక్కడ ఎవరూ పూలు పెట్టుకోరు. అందంగా అమర్చడం కూడా పూజే. కానీ ఎవరి కళ్ళ కోసం అమరుస్తున్నాం అన్నది అమర్చేవాడికి లోపల తెలుస్తుంది. ఫొటో తీసేవాడికి ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక్కడ గోదాదేవి గుర్తొస్తుంది ఎవరికైనా. విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో తోట పెంచి, మాలలు కట్టి స్వామికి ఇచ్చేవాడు. కూతురు ఆ మాలని ముందు తను వేసుకుని, నీడ చూసుకుని, తీసి పెట్టేసేది. ఒకరోజు దొరికిపోయింది. తండ్రి భయపడి కొత్త మాల కట్టాడు. స్వామికేమో ఆ అమ్మాయి ముడిచిందే కావాలి. మన కృష్ణదేవరాయలు ఆ కథని కావ్యం చేసి దానికి ఆముక్తమాల్యద అని పేరే పెట్టాడు, ముడిచి విడిచిన మాలని ఇచ్చేది అని. ఎంగిలి అనాల్సిన దాన్నే కావ్యానికి పేరుగా పెట్టుకున్నాడంటే చిన్న విషయం కాదు.

అలాగని గోదమ్మని మనం లైసెన్స్‌లాగా వాడుకోకూడదు. ఆమె కూడా తనని తాను చూసుకుంది, నిజమే. కానీ ఆయన పక్కన నేను తగుదునా అని చూసుకుంది. నేను ఫోన్‌లో చూసుకున్నది అది కాదు. చూడటం ఒకటే, చూపు ఎటు పోతోందన్నది తేడా.

మళ్ళీ నాయనమ్మ దగ్గరికి వస్తాను. 2021 వేసవిలో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. ఆవిడ కోలుకుంది గానీ వాసన పోయింది. మా అందరికీ కొన్ని వారాల్లో తిరిగొచ్చింది, ఆవిడకి రాలేదు. పోపు మాడినా తెలియదు. అగరొత్తి వెలిగిందో లేదో పొగ చూసి చెప్తుంది. ఎప్పుడూ దాని గురించి బాధపడగా నేను చూడలేదు. ఈ వీడియో తీసిన రోజు పొద్దున నేను పువ్వు కోసుకొస్తుంటే అరుగు మీద కూర్చుని ఆపింది.

"ఒరే, ఎట్టా ఉందిరా దాని వాసన?"

"స్వామికి నాయనమ్మా, చూడకూడదు కదా" అన్నాను.

"చూసి చెప్పు" అంది.

నిలబడిపోయాను. సజ్జలో పూలన్నీ పారబోసిన మనిషి అడుగుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పనసతొన లాంటి తీపి, దాని వెనక కొంచెం యాలకులు, చివర్లో పచ్చి ఆకు వాసన అని నాకు తోచింది చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. "ఊఁ" అంది. తర్వాత, "తీసుకెళ్ళి పెట్టు" అంది. ఎంగిలి కదా అని నేను గుర్తు చెయ్యలేదు. ఆవిడ మర్చిపోయిందని కూడా నేను అనుకోవట్లేదు.

గీతలో తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకం మనందరికీ వచ్చు: ఆకు, పువ్వు, పండు, నీళ్ళు, భక్తితో ఏదిచ్చినా తీసుకుంటానంటాడు. వెంటనే వచ్చే 27వ శ్లోకాన్ని మాత్రం ఎక్కువమందిమి పట్టించుకోం. ఏది చేసినా, ఏది తిన్నా, అది కూడా నాకే అర్పించు అంటాడు. తిన్నది కూడా అర్పణ అవుతుందంటే, ఒక పెద్దావిడ కోసం చూసిన వాసన అవ్వదా? అవుతుందనే నా నమ్మకం. శాస్త్రం తెలిసిన పెద్దలు కాదనొచ్చు. వాళ్ళతో వాదించే చదువు నాకు లేదు. నియమం వద్దని కూడా నేను అనను. ఆ నియమం లేకపోతే నాయనమ్మ అడిగినప్పుడు నా చెయ్యి ఆగేది కాదు. ఆగకపోతే ఆవిడ ఏం అడుగుతోందో నాకు అర్థమయ్యేదే కాదు.

కిటికీ దగ్గర నిలబెట్టిన శుక్రవారం పువ్వు సంగతే ఇంకా మింగుడుపడదు. ఇప్పుడు పూజ అయ్యాకే కెమెరా తీస్తున్నాను. మీరు వీడియోలో చూసింది కూడా హారతి అయ్యాక తీసిందే, అందుకే చెంబు పక్కన కర్పూరం మసి కనిపిస్తుంది. ఎడిట్‌లో తీసేద్దామనుకున్నాను, వదిలేశాను.

అక్టోబర్‌లో కొమ్మలు కత్తిరించాను, నలభై అయిదు రోజులు దాటింది. నిన్న మొదటి మొగ్గ విచ్చింది. నాయనమ్మ కర్ర పట్టుకుని కుండీ దాకా వచ్చి చూసింది.

"తెల్లగానే ఉందేంట్రా?"

"రేపు ఎండ తగలనీ నాయనమ్మా" అన్నాను.