తుపాకీ వందనం, మూడు గుప్పిళ్ళ మన్ను

గుడివాడలో ఒక జుమా నమాజు తర్వాత ఓ పెద్దాయన నన్ను ఆపి అడిగారు: "మౌల్వీ సాబ్, మా మనవడు ఫౌజులో ఉన్నాడు. అల్లాహ్ వాణ్ణి చల్లగా చూడాలి. రేపేదైనా జరిగితే జనాజాపై జెండా కప్పుతారు, తుపాకులు పేలుస్తారు. అది మనకు తగునా?" ఆ ప్రశ్న వెనుక భయం ఉంది. జాయెజ్, నాజాయెజ్ అని ఒక్క మాట చెప్పి పంపలేకపోయాను.

ఈ ఆచారాలు యూరప్ యుద్ధభూముల నుంచి వచ్చాయి. శవాలను తీసుకెళ్ళడానికి ఇరుపక్షాలూ పోరు ఆపేవారనీ, ఆ పని ముగిసిందని మూడుసార్లు కాల్చి తెలిపేవారనీ చెబుతారు. బ్యూగిల్‌పై వాయించే 'లాస్ట్ పోస్ట్' శిబిరంలో ఆనాటి విధులు ముగిశాయనే సంకేతం. వీటిలో ఏదీ ఆరాధనగా పుట్టలేదు. అవసరాలే కాలక్రమంలో మర్యాదలయ్యాయి.

ఆ మర్యాదలు అందరికీ దక్కలేదు కూడా. మన బందరులో డచ్చివారి సమాధులపై వంశచిహ్నాలు చెక్కిన రాళ్ళు నేటికీ ఉన్నాయి. 1759లో బందరు కోటను పట్టిన కల్నల్ ఫోర్డ్ సేనలో తెల్లవారికంటే సిపాయిలే ఎక్కువ. వారిలో నేలకొరిగినవారి సమాధులు చూపేవారు నాకింతవరకు తారసపడలేదు.

ఇక ఉహద్ చూడండి. ఆ రోజు ముస్లింల జెండా మోసినవారు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి). ఒకప్పుడు మక్కాలో ఖరీదైన దుస్తులు ధరించిన యువకుడు. షహీదయ్యాక ఆయన కఫన్‌కు ఒక్క గుడ్డే దొరికింది. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడేవి. తల కప్పి, కాళ్ళపై ఇజ్ఖిర్ గడ్డి వేయమన్నారు దైవప్రవక్త (సఅసం). ఒకే సమాధిలో ఇద్దరేసిని ఉంచవలసి వచ్చినప్పుడు, ఖుర్ఆన్ ఎవరికి ఎక్కువ వచ్చునో అడిగి వారిని ముందుంచారు. హోదా అడగలేదు.

1948లో నౌషేరా రంగంలో మరణించిన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్‌ను ఢిల్లీలో జామియా మిల్లియా వద్ద సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. మన పతాక నియమావళి ప్రకారం జెండాను సమాధిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. పైన జెండా ఉన్నా లోపల కఫన్ కఫనే. నా మట్టుకు నేను చెప్పేది ఇదే: జనాజా నమాజుకు, ఖననానికి అడ్డురానంతవరకు ఆ వందనం ప్రభుత్వం తన ఉద్యోగికి చూపే కృతజ్ఞత. దాన్ని పుణ్యమనుకోరాదు, అది మృతునికి చేరుతుందని నమ్మరాదు. వీరుడనిపించుకోవడానికే పోరాడినవాడికి ఆ పొగడ్తే ప్రతిఫలమైపోయిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. ఎవరి సంకల్పం ఏమిటో అల్లాహ్‌కే ఎరుక.

ఏ వందనమూ లేనివారి మాటేమిటి? 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. గుసుల్ లేదు, కఫన్ లేదు, ఎందరికో విడి గొయ్యి కూడా లేదు. నీట మునిగి మరణించిన విశ్వాసిని కూడా దైవప్రవక్త (సఅసం) షహీదుల్లో లెక్కించారు.

పెద్దాయనకు ఇదంతా చెప్పి, "అబ్బాయికి అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాను. షహీదుకు అన్నీ మన్నించబడతాయి, అప్పు తప్ప. ఆయన కాస్త తడబడి, చెల్లెలి పెళ్ళికి తెచ్చింది కొంత మిగిలి ఉందన్నారు. ఎవరికెంతో కాగితం మీద రాసి పంపమని ఆ రాత్రే మనవడికి ఫోను చేయమన్నాను.