ఉడుమును పెంచే అర్హత

పట్టిన పట్టు విడువనివారిని గురించి చెప్పేటప్పుడు మన పెద్దలు ‘ఉడుము పట్టు’ అంటారు. భారతదేశంలో ఉడుమును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మనం నివసిస్తున్న అమెరికాలో మాత్రం దాని ఆఫ్రికా బంధువైన సవానా ఉడుము అనేక రాష్ట్రాలలో దుకాణాలకు వస్తుంది. అరచేతిలో ఇమిడే ఆ పిల్లను చూసి మన పిల్లలు ముచ్చటపడతారు. దానిని కొనే స్తోమత మనకు ఉండవచ్చు. కాని కొనగలిగినంత మాత్రాన పెంచే అర్హత కలుగుతుందా?

ఆ పిల్ల మూడు, నాలుగు అడుగుల ప్రాణిగా ఎదుగుతుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ఆవరణ కావాలని అనుభవజ్ఞులైన పెంపకందారులు చెబుతారు. అందులో బొరియ తవ్వుకోవడానికి లోతైన మట్టి ఉండాలి. ఒక మూల ఎండ కాచుకునే చోటు యాభై డిగ్రీల సెల్సియస్‌ను మించి వేడెక్కాలి. మరొక మూల చల్లగా ఉండాలి. అడవిలో దాని ఆహారం జెర్రులు, నత్తలు, కీచురాళ్లు, పేడపురుగుల వంటివి. ప్రేమకొద్దీ రోజూ ఎలుకలను మేపితే కొవ్వు పట్టి, ఆయుష్షు తీరకముందే మరణిస్తుంది.

సంతానం విషయం మరింత కఠినమైనది. తగిన వెచ్చదనం, తేమ గల మట్టి దొరకకపోతే ఆడ ఉడుము గుడ్లు పెట్టదు. అవి కడుపులోనే నిలిచిపోయి తల్లి ప్రాణం పోవచ్చు. అందువల్లనే ఇళ్లలో వీటి సంతానోత్పత్తి అరుదు. దుకాణాలకు వచ్చే పిల్లలలో అధికభాగం ఘనా, టోగో, బెనిన్ దేశాలలో పట్టి తెచ్చిన చూలు ఉడుముల గుడ్లనుంచి వెలువడినవే. మనం ఒక పిల్లను కొన్నప్పుడు ఆ వేటకు కూడా మూల్యం చెల్లిస్తున్నాం.

అయితే బంధించి పెంచడమంతా అధర్మమేనా? వాషింగ్టన్‌లోని జాతీయ జంతు ప్రదర్శనశాలలో 1992లో కొమోడో ఉడుము పిల్లలు గుడ్లనుంచి వెలువడ్డాయి. ఇండోనేసియా వెలుపల అలా జరగడం అదే మొదటిసారి. అక్కడ జ్ఞానం ఉంది, స్థలం ఉంది, పుట్టబోయే ప్రతి పిల్లకూ ఒక ఏర్పాటు ఉంది. దీనికి భిన్నంగా ఫ్లోరిడాలోని కేప్ కోరల్ పరిసరాలలో, పెంపకంనుంచి తప్పించుకున్న, వదిలివేయబడిన నైలు ఉడుములు కాలువల వెంట సంతతిని పెంచుకున్నాయి. ఇప్పుడు అధికారులు వాటిని పట్టి చంపవలసి వస్తోంది. తెచ్చినవారు మనుషులు, శిక్ష మాత్రం ఆ ప్రాణులకు.

అహింస అంటే కొట్టకపోవడం మాత్రమే కాదు. తవ్వే స్వభావం గల ప్రాణికి మట్టి లేకుండా చేయడం కూడా హింసే. మన ఇష్టం ఎంత గాఢమైనదైనా ఆ లోటు తీర్చలేదు. కనుక ఇంట్లో పిల్లలు ఉడుమును అడిగినప్పుడు వెంటనే కాదనవద్దు, సరేననీ అనవద్దు. వారితో కలిసి టేపు పట్టి గదిలో ఎనిమిది అడుగులు కొలుద్దాం. పదేళ్లు, అంతకుమించి దానిని సాకేదెవరో, వారు కాలేజీకి వెళ్లాక ఎవరి బాధ్యతో మాట్లాడుకుందాం. జవాబు దొరకకపోతే, ఆ ప్రాణిని కోరుకోకుండా ఉండడమే దానికి మనం చేయగల ఉపకారం.