గడ్డుకాలంలో ఆడబిడ్డ: అమానతును భయానికి అప్పగించకండి

 



2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని కుదిపివేసింది. కొద్దిరోజుల తరువాత చిల్లకూరులో ఒక తండ్రి మగ్రిబ్ నమాజు ముగిశాక మా దగ్గర కూర్చున్నాడు. కూలి పనులు ఆగిపోయాయి. ఇంటి పైరేకులు ఎగిరిపోయాయి. "మౌలానా సాబ్, వచ్చే జుమా రోజున మా పాప నికాహ్ చదవాలి" అన్నాడు. పాప తొమ్మిదో తరగతి. "ఇంత తొందర ఎందుకు భాయ్?" అని అడిగాము. "కాలం బాగాలేదు హజ్రత్. ఇంటికి తలుపు కూడా సరిగా లేదు. ఆడపిల్ల గుండెల మీద కుంపటి. ఒకరి చేతిలో పెడితే ఇజ్జత్ దక్కుతుంది" అన్నాడు.

ఆయన చెడ్డ తండ్రి కాడు. ఆయన చేత ఆ మాట పలికించింది భయం. అయితే భయం మంచి వలీ కాదు. అది బిడ్డను కాపాడినట్టే కనిపించి, ఆమె భారాన్ని మాత్రమే దించుకుంటుంది.

ఈ మాట మేము మా తప్పు నుంచే నేర్చుకున్నాము. 2021 నవంబరు వరదల తరువాత ఇలాంటి తొందరలోనే జరిగిన ఒక నికాహ్‌కు ఖుత్బా చదివినది మేమే. వధువు వయసు అడగలేదు. వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వెళ్ళి వచ్చి "ఇజాజత్ ఇచ్చింది" అన్నారు, సరేనన్నాము. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పిల్ల చంకలో బిడ్డతో, రక్తం లేని ముఖంతో పుట్టింటికి చేరింది. ఆమె తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ రేపు ప్రళయదినాన అల్లాహ్ అడిగితే ఏమని జవాబు చెప్పగలము?

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. ఆపద ఎక్కడ వస్తే అక్కడ ఈ తొందర వస్తుంది. 2011లో సిరియాలో యుద్ధం మొదలైంది. లక్షలాది మంది జోర్డాన్‌కు తరలిపోయారు. యునిసెఫ్ 2014లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అక్కడ నమోదైన సిరియన్ల వివాహాలలో 18 ఏళ్ళలోపు వధువుల వాటా 2011లో 12 శాతం ఉండగా 2013 నాటికి 25 శాతానికి చేరింది. గుడారాలలో భద్రత లేదనీ, తిండికి కష్టమనీ ఆ తల్లిదండ్రులు చెప్పిన కారణాలు మన చిల్లకూరు తండ్రి చెప్పినవే. మన రాష్ట్రంలో యుద్ధం లేదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. ఇది అన్ని మతాలవారికీ కలిపిన లెక్క. కనుక ఒకరిని వేలెత్తి చూపే పని లేదు, మన ఇంటిని మనం చక్కదిద్దుకునే పని ఉంది.

దివ్యఖుర్ఆన్ ఏమి బోధిస్తున్నదో చూడండి. పేదరికపు భయంతో సంతానాన్ని హతమార్చవద్దని, వారికీ మీకూ ఉపాధినిచ్చేది తానేనని అల్లాహ్ హెచ్చరించాడు (బనీ ఇస్రాయీల్: 31). ఆడపిల్ల పుట్టిందని వినగానే ముఖం నల్లబడే అజ్ఞానకాలపు తండ్రిని మందలించాడు (అన్ నహ్ల్: 58-59). ఇప్పుడు ఎవరూ బిడ్డను మట్టిలో పూడ్చడం లేదు. కానీ ఉపాధి భయంతో ఆమె చదువును, ఆరోగ్యాన్ని పూడ్చిపెడితే ఆ అజ్ఞానపు వాసన మనలో మిగిలినట్టు కాదా?

ఇంకో విషయం. ఆ తండ్రికి కొడుకు కూడా ఉన్నాడు. వాడి బడి మాన్పించాలన్న ఆలోచన రాలేదు. ఇజ్జత్ బరువంతా ఆడపిల్ల నెత్తినే ఎందుకు పెడుతున్నాము? చూపులు దించుకోమన్న ఆజ్ఞ ముందుగా పురుషులకే వచ్చింది (అన్ నూర్: 30). వీధి భయంగా ఉంటే దిద్దవలసింది వీధిలోని మగపిల్లలను. ఇంట్లోని ఆడపిల్లను పంపివేయడం పరిష్కారం కాదు.

అనాథలు నికాహ్ వయసుకు చేరి, వారిలో వివేకం కనిపించాకే వారి ఆస్తిని అప్పగించాలని అల్లాహ్ ఆదేశం (అన్ నిసా: 6). నాలుగు డబ్బులు అప్పగించడానికే వివేకం చూడాలంటే, ఒక సంసారం అప్పగించడానికి చూడవద్దా? ఆమె ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను హజ్రత్ ఖన్సా (రజి) విషయంలో దైవప్రవక్త (స) రద్దు చేశారని సహీహ్ బుఖారీలో ఉంది. కన్య మౌనం అంగీకారమని హదీసులో ఉన్న మాట నిజమే. కానీ సిగ్గుతో వచ్చే మౌనం వేరు, నాన్న ముందు వణుకుతూ ఉండే మౌనం వేరు. పద్నాలుగేళ్ళ పిల్ల మౌనాన్ని ఇజాజత్ అని రాసుకునే ముందు వకీళ్ళు అల్లాహ్‌కు భయపడాలి.

"చిన్న వయసు నికాహ్‌ను ఫుఖహాలు అనుమతించారు కదా?" అని కొందరు అడుగుతారు. చాలామంది అనుమతించారు, దాచము. కానీ అనుమతి వేరు, ఆజ్ఞ వేరు. యుక్తవయసు రానివారికి పెళ్ళి చేయరాదని ఇబ్నె షుబ్రుమా (రహ్మ) వంటి తొలికాలపు విద్వాంసులే అన్నారు. 1917లో ఉస్మానియా ఖిలాఫత్ తన కుటుంబ చట్టంలో అమ్మాయికి 17, అబ్బాయికి 18 ఏళ్ళ హద్దు పెట్టింది. హజ్రత్ ఫాతిమా (రజి)ను హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) వంటి మహనీయులే అడిగినప్పుడు, ఆమె ఇంకా చిన్నదని దైవప్రవక్త (స) బదులిచ్చినట్టు సుననె నసాయీలో ఉంది. వరులు ఎంతటివారో చూడండి. అయినా తండ్రి తొందరపడలేదు!

మన దేశంలో 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్ళి చేసినవారితోపాటు చదివించినవారూ శిక్షకు అర్హులే. 2017 సెప్టెంబరులో హైదరాబాదులో బాలికలను పెళ్ళాడడానికి వచ్చిన అరబ్బు వృద్ధులతోపాటు ఖాజీలు కూడా అరెస్టయ్యారు. నికాహ్‌నామాను అమ్మకపు రసీదుగా మార్చే కలానికి ఇహంలోనూ పరంలోనూ లెక్క ఉంటుంది.

అయితే "వద్దు" అని చెప్పి లేచిపోతే మన బాధ్యత తీరదు. ఆ రాత్రి ఆ తండ్రితో "రేకులు మేము చూస్తాము, పాపను బడికి పంపు భాయ్" అన్నాము. జుమా తరువాత జమాఅత్‌వారు చందా వేసుకున్నారు. జకాత్‌కు అర్హుడు కనుక జకాత్ సొమ్ము కూడా అందింది. తలుపు బిగించారు. ఆ పాప 2025లో పదో తరగతి పరీక్షలు రాసింది.

కనుక ప్రతి మస్జిదు కమిటీ వయసు రుజువు చూడనిదే నికాహ్ చదివించకూడదు. ఆపద వచ్చినప్పుడు ఆడపిల్లలున్న ఇళ్ళను ముందుగా వెళ్ళి పలకరించాలి. తల్లులు కూతురి మనసును ఏకాంతంలో అడగాలి. ఎక్కడైనా బలవంతం జరుగుతుంటే 1098కు ఫోను చేయడం చాడీ కాదు, అణగారినవారికి అండగా నిలవడం.

ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేదాకా పోషించినవాడు ప్రళయదినాన తనకు చేరువగా ఉంటాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం). యుక్తవయసు వచ్చేదాకా అన్నారు, కష్టం వచ్చేదాకా అనలేదు.

ఓ అల్లాహ్! మా ఆడబిడ్డలను మా భయాల నుంచి కాపాడు. తెలిసీ తెలియక మేము చేసిన తప్పులను మన్నించు. ఆమీన్.