అతిథి ధర్మము

అతిథిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. అయితే ఆ బోధ విద్య ముగించి గృహస్థు కానున్న శిష్యునకు, అతిథికి కాదు. మరి అతిథి ధర్మమేమి?

దూరదేశమున మిత్రులను చూడబోవువాడు దీనిని విచారింపవలెను. జంషెడ్‌పూరునే తీసికొందము. దల్మా కొండల చేరువ, సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియుచోట, పూర్వము సాక్చి యను పల్లె యుండెడిది. 1912లో అచ్చటి కర్మాగారమున ఉక్కు తయారయ్యెను. ఆ యేడే ఎనిమిది గంటల పనిదినము నెలకొనెను. 1919లో జంషెడ్జీ టాటా పేరు ఆ యూరికి వచ్చెను. బ్రతుకుతెరువునకై వచ్చిన తెలుగువారును అచ్చట తరతరాలుగా కాపురమున్నారు.

ఉక్కు కొలిమికి రేయింబవళ్లు లేవు. రాత్రి పని ముగించి ఉదయము ఇల్లు చేరిన గృహస్థు, వాకిట స్వదేశపు మిత్రుని గాంచి, నిద్ర మాని సంచి చేతబట్టి సాక్చి బజారునకు పోవును. ఇల్లాలు మరల పొయ్యి వెలిగించును. "అలసితిని" అనుటకు మొహమాటము. ఆ మొహమాటమునే ప్రేమయని యెంచి మధ్యాహ్నము దాక కబుర్లాడు అతిథి, తెలియకయే వారి విశ్రాంతిని హరించుచున్నాడు.

అట్లయిన పోకుండుటయే మేలా? కాదు. ఒకరికి ఋణపడుదునేమో యని దూరముండుటయు అహంకారమే. పోవలెను, ముందుగా వర్తమానమంపి పోవలెను. ఆ సంచి తానే యందుకొనవలెను. ఉన్నదానిని తృప్తితో భుజింపవలెను. తిథి నియమము లేనివాడే అతిథి యని పెద్దలందురు. కాని గృహస్థుని గంటలకు నియమమున్నది. అతిథియందు దైవమును చూచుట గృహస్థుని ధర్మము. అలసి నిద్రించు గృహస్థునియందు ఆ దైవమునే చూచి, మెల్లగా తలుపు చేరవేయుట అతిథి ధర్మము.