బాలుడెప్పుడు పెద్దవాడగును?

కష్టము బాలుని పురుషునిగా జేయునని లోకోక్తి. దీనికి నిదర్శనముగా అమెరికాదేశపు పడమటి వలసకథలను జెప్పుట కలదు. వానిలో నొకదానిని మేమిందు విచారింపదలచితిమి.

1844వ సంవత్సరమున హెన్రీ సేగరు, అతని భార్య నయోమి, బిడ్డలతో మిస్సూరీనుండి ఓరెగానునకు బయలుదేరిరి. సుమారు రెండువేల మైళ్ల త్రోవ. ఎద్దుబండి సామానునకే చాలదు; కాళ్లలో సత్తువగలవారు నడువవలసినదే. త్రోవలోనే నయోమికి ఆడుశిశువు కలిగెను. కాతరీనను కూతురు చక్రము క్రిందబడి కాలు విరుగగొట్టుకొనెను. గ్రీను నదీప్రాంతమున తండ్రి జ్వరముచే మరణించెను. కొన్ని వారములకు తల్లియు గతించెను. మిగిలిన యేడుగురిలో పెద్దవాడైన జానునకు పదునాలుగేండ్లు మించలేదు.

ఈ బాలుడొంటరిగా తోబుట్టువులను కొండలు దాటించెనని పిమ్మటివారు కథ యల్లిరి. మనోహరమైన కథయే కాని నిజము కాదు. బిడారు నాయకుడైన షాయును, ఆయన భార్యయు ఆ బిడ్డలను తమవారివలె జూచిరి. ఒక జర్మను వైద్యుడు తోడుగా నుండెను. పసికందును మరియొక స్త్రీ చేరదీసెను. ఇందరి దయను మరపించినగాని వీరుడు పుట్టడా? తండ్రి పోయిన దినముననే పెద్దకొడుకుతో "ఇక నింటికి నీవే పెద్దవు" అనుట మన యిండ్లలోను గలదు. అట్లనువారిలో నెందరు వానికి చేయూత నిత్తురో చదువరులే యెరుగుదురు.

వారు వైలాట్పూలోని విట్మను దంపతుల మతాశ్రమము చేరిన దినమును కాతరీను పిమ్మట వ్రాసియుంచినది. బండి ముందు గూర్చుండి జాను వెక్కివెక్కి యేడ్చుచుండెను. తమ్ముడు ఫ్రాన్సిసు చక్రముపై చేతులుంచి, వానిపై తల వాల్చి రోదించుచుండెను. వీరగాథలో నీ కన్నీటికి చోటు లేదు. మాకన్ననో, జాను పెద్దతనమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము కనబడదు. భారము మోయనివాడు దానిని దింపునప్పుడు ఏడువడు గదా! ఆశ్రయమిచ్చువారి యెదుట తన యలసటను దాపక నిలుచుటకును ధైర్యము కావలెను.

ఆ బండ్లు సాగిన నేల నిర్జనము కాదు. 1847లో తట్టువ్యాధి వ్యాపించి కయూసు జాతివారు, వారి పిల్లలు, పలువురు మరణించిరి. విట్మను వైద్యమే దీనికి కారణమని వారిలో కొందరు నమ్మిరి. నవంబరు 29వ తేదీన నాశ్రమముపై దాడి జరిగెను. విట్మను దంపతులతోపాటు జాను, ఫ్రాన్సిసులును హతులైరి. 1850లో అయిదుగురు కయూసులను ఓరెగాను నగరమున ఉరితీసిరి. ఆ వ్యాధిలో తల్లిదండ్రులను గోల్పోయిన కయూసు బాలురెట్లు పెద్దవారైరో ఏ కథకుడును వీరగాథగా నల్లలేదు.